లేక్ లేనియర్ మెరీనా స్లిప్‌లో తేలే బోట్ లిఫ్ట్ పెట్టాలంటే పర్మిషన్ ఎవరిని అడగాలి?

కమింగ్_కిరణం
జార్జియాలోని లేక్ లేనియర్‌లో ఒక మెరీనాలో కవర్డ్ స్లిప్ (పైకప్పున్న, బోటు కట్టేసుకునే చోటు) తీసుకున్నాం. బోటు 24 అడుగుల బౌరైడర్ (ముందు భాగంలో కూడా కూర్చునే రకం). నీళ్లలోనే వదిలేస్తే హల్ కింద పాకుడు పట్టేస్తోంది. అందుకని గాలి నింపితే పైకి లేచే రకం తేలే లిఫ్ట్ ఒకటి సెకండ్ హ్యాండ్‌లో చూశాం. అమ్మే ఆయన "ఇది డాక్‌కి తగిలించే సామాను, పర్మిట్ అక్కర్లేదు" అంటాడు. మెరీనా ఆఫీసులో "అప్లికేషన్ పెట్టండి, చూస్తాం" అన్నారు. డాక్ మీద పక్క స్లిప్ ఆయన "కోర్ ఆఫ్ ఇంజినీర్స్ (సరస్సుని చూసే ఆర్మీ ఇంజినీరింగ్ సంస్థ) దగ్గర షోర్‌లైన్ పర్మిట్ కావాలి" అన్నాడు. ముగ్గురివీ మూడు మాటలు. ఎవరి దగ్గర ఏం తీసుకోవాలి, ఏ వరసలో? అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు.

ఓరుగల్లు_ఓడ
ఇయ్యకు అన్నా. కాయితం చేతికొచ్చేదాంక పైసా ఇయ్యకు. లిఫ్ట్ కొనుడు అల్కనే, మెరీనా వద్దంటే దాన్ని వాపస్ ఇచ్చుడే కష్టం.

తెడ్డు_తాత
అమ్మే ఆయన మాట తప్పు. పక్క స్లిప్ ఆయన మాట సగం తప్పు. మెరీనా ఆఫీసు మాటే మీకు దారి.

లేనియర్ నీళ్లూ, చుట్టూ ఒడ్డూ ఫెడరల్ ఆస్తి. బ్యూఫర్డ్ డ్యామ్ కట్టిన కోర్ ఆఫ్ ఇంజినీర్స్‌లో అలబామాలోని మొబైల్ నగరం డిస్ట్రిక్ట్ ఆఫీసు చేతిలో ఉంది. అక్కడ నీటి మీదైనా, నీటి కిందైనా అనుమతి లేకుండా ఏ కట్టడమూ పెట్టకూడదని ఫెడరల్ నిబంధన 36 సి.ఎఫ్.ఆర్. 327.20 చెప్తుంది. పర్మిటో, లీజో, లైసెన్సో ఏదో ఒకటి ఉండాలి. మెరీనాకి ఉన్నది లీజు. మీకు మెరీనా ఇచ్చింది స్లిప్ వాడుకునే ఒప్పందం. అంటే మీ లిఫ్ట్ మెరీనా లీజు కిందికి వస్తుంది. కోర్ ఆఫీసుకి మీరు విడిగా అప్లికేషన్ పెట్టేది ఏమీ లేదు. మెరీనా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, వాళ్ల లీజు ప్రకారం పై అనుమతి అవసరమైతే దాన్ని వాళ్లే తెచ్చుకోవాలి.

షోర్‌లైన్ యూజ్ పర్మిట్ అనేది ఇంటి వెనక ప్రైవేట్ డాక్ ఉన్నవాళ్లకి. పక్క స్లిప్ ఆయన ఆ రెండూ కలిపేశాడు.

నీలి_నావ
తాతగారూ, ఒక్క మాట. లిఫ్ట్ కట్టడం ఎలా అవుతుంది? నట్లు విప్పితే తీసుకుపోవచ్చు. బోటు లాగే అదీ తేలేదే కదా. మెరీనా మేనేజర్ సరే అంటే చాలదా?

తెడ్డు_తాత
డాక్ కూడా నట్లు విప్పితే తీసుకుపోవచ్చమ్మా. తీసేయగలమా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు, ఫెడరల్ నీళ్ల మీద దాన్ని పెట్టి ఉంచామా లేదా అన్నదే. బోటుకి రిజిస్ట్రేషన్ నంబరు ఉంటుంది, దానంతట అది నడుస్తుంది. లిఫ్ట్ ఒక చోట బిగించి ఉంటుంది, డాక్ మీద బరువు వేస్తుంది, కరెంటు వాడుతుంది. మేనేజర్ నోటిమాట మేనేజర్ మారేదాకానే. స్లిప్ నంబరు, లిఫ్ట్ మోడల్, తేదీ, సంతకం ఉన్న కాగితం కావాలి.

చట్టం_చక్రి
తాతగారు చెప్పినదానికి కొంచెం చేర్పు. 327.20 అన్ని కోర్ సరస్సులకూ ఒకటే, డాలస్ వైపు లూయిస్‌విల్ సరస్సుకీ వర్తిస్తుంది. షోర్‌లైన్ ప్లాన్ మాత్రం సరస్సుకొకటి. మెరీనా లీజు షరతులు మెరీనాకొకటి. "ఫలానా సరస్సులో పెట్టుకోనిచ్చారు" అని ఇక్కడ వాదించి లాభం లేదు.

స్లిప్ ఒప్పందం తీసి "ఆల్టరేషన్స్", "ఇంప్రూవ్‌మెంట్స్" అనే క్లాజులు చదవండి. లిఫ్ట్ అనే మాట ఎక్కడా లేకపోయినా అనుమతి లేకుండా డాక్‌కి మేకు కొట్టకూడదు, రంధ్రం వేయకూడదు అని ఉంటుంది. లిఫ్ట్ బ్రాకెట్లు బిగించాలంటే డాక్ ఫ్రేమ్‌కి బోల్టులు వేయాల్సిందే.

కమింగ్_కిరణం
మా ఒప్పందంలో ఆ క్లాజు ఉంది. అప్లికేషన్‌తో ఏమేం జతచేయాలి? ఆఫీసులో ఫారం ఒక్క పేజీయే ఇచ్చారు.

గాలిపెట్టె
ఫారం ఒక్క పేజీయే ఉంటుంది, అసలు పనంతా దాని వెనక కుట్టే కాగితాలతోనే. అన్నిటికన్నా ముందు తయారీదారు స్పెక్ షీట్. అందులో లిఫ్ట్ మోయగల బరువు, బయటి వెడల్పు, పొడవు, లిఫ్ట్ సొంత బరువు, ట్యాంకులు పాలీఇథిలీనా ఫైబర్‌గ్లాసా, మోటారు వోల్టేజీ, ఆంప్స్ ఉండాలి. సెకండ్ హ్యాండ్ లిఫ్ట్ అయితే ఫ్రేమ్ మీద రేకు ప్లేట్ ఉంటుంది, మోడల్, సీరియల్ నంబర్లు ఫొటో తీసుకోండి. ఆ ప్లేట్ లేని లిఫ్ట్‌ని చాలా మెరీనాలు లోపలికే రానివ్వవు, ఎందుకంటే దాని కెపాసిటీ ఎవరూ రుజువు చేయలేరు.

తర్వాత పైనుంచి చూసినట్టు స్లిప్ బొమ్మ. స్లిప్ వెడల్పు, లిఫ్ట్ ఎక్కడ కూర్చుంటుంది, బ్రాకెట్లు డాక్ ఫ్రేమ్‌లో ఏ మెంబర్‌కి బిగుస్తాయి, కంట్రోల్ బాక్స్ ఎక్కడ, పెడెస్టల్ (డాక్ మీది కరెంటు స్తంభం) ఎక్కడ. చేత్తో గీసినా పరవాలేదు, కొలతలు మాత్రం అసలువి ఉండాలి.

ఇంకా బోటు రిజిస్ట్రేషన్, బోటు ఇన్సూరెన్సు. లయబిలిటీ పాలసీలో మెరీనా పేరు అడిషనల్ ఇన్‌ష్యూర్డ్‌గా (ఆ రక్షణ వాళ్లకీ వర్తించేలా) చేర్పించాలి. లిఫ్ట్ మీ బోటు పాలసీలోకి దానంతట అది రాదు, ఏజెంట్‌కి చెప్పి రాయించాలి. బిగించేవాళ్ల ఇన్సూరెన్సు సర్టిఫికెట్ వేరే. నీటి మీద పనిచేసే కూలీలకి మామూలు వర్కర్స్ కాంప్ (పనిలో దెబ్బ తగిలితే ఇచ్చే బీమా) సరిపోకపోవచ్చు, లాంగ్‌షోర్ కవరేజీ (నీటి మీది పనులకి ఉండే ఫెడరల్ బీమా) ఉందా అని మెరీనా అడగొచ్చు. చిన్న కాంట్రాక్టర్లు చాలామంది సరిగ్గా ఇక్కడే ఆగిపోతారు, ముందే కనుక్కోండి.

ఓరుగల్లు_ఓడ
బరువు సంగతి జెర చెప్పన్నా. అందరు బ్రోచర్ల ఉన్న నంబర్ ఏసి గీ లిఫ్ట్ సాలు అంటరు.

గాలిపెట్టె
బ్రోచర్‌లో ఉండేది డ్రై వెయిట్, అంటే పెట్రోలూ సామానూ లేని బరువు. ఔట్‌బోర్డ్ బోట్లయితే అందులో ఇంజిన్ బరువు కూడా చాలాసార్లు ఉండదు, అది చూసుకోండి.

24 అడుగుల బౌరైడర్ డ్రై వెయిట్ 4,800 పౌండ్లు అనుకుందాం. పెట్రోలు గ్యాలన్‌కి ఇంచుమించు 6 పౌండ్లు, 60 గ్యాలన్ల ట్యాంకు నిండా అంటే 360. రెండు బ్యాటరీలు 110. యాంకర్, తాళ్లు, జాకెట్లు, కూలర్, ట్యూబు, టవర్, స్పీకర్లు కలిపి 400. 5,670 అయింది. దాని మీద 15 శాతం కలుపుకుంటే 6,500 చిల్లర. అంటే 6,600 క్లాసు లిఫ్ట్ సరిగ్గా సరిపోతుంది. 4,400ది "కొంచెం ఎక్కువైనా మోస్తుంది" అని అమ్మితే నమ్మకండి. మంచినీళ్లు ఘనపుటడుగుకి 62.4 పౌండ్లు. 6,600 పౌండ్లు లేపాలంటే ట్యాంకుల్లోంచి 106 ఘనపుటడుగుల నీళ్లు బయటికి పోవాలి. ట్యాంకు సైజులో లేని తేలుడు ఎక్కడినుంచీ రాదు.

వేక్ బోట్లయితే (పెద్ద అలలు లేపే రకం) బల్లాస్ట్, అంటే బరువు కోసం నింపుకునే నీళ్లు, ఖాళీ చేశాకే లిఫ్ట్ ఎక్కించాలి. రూల్స్ ఉన్న మెరీనాల్లో దీన్ని అప్లికేషన్ మీదే రాయిస్తారు.

వాన సంగతి ఎవరూ లెక్కేయరు. కవర్ లేని స్లిప్‌లో 22 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు బోటు మీద ఒక్క అంగుళం వాన నిలిచిందంటే 14.7 ఘనపుటడుగులు, 900 పౌండ్ల పైమాట. ముక్కు దగ్గర సన్నబడుతుంది కనుక కొంచెం తగ్గించుకోండి, అయినా 700కి తగ్గదు. అందుకే లిఫ్ట్ మీద ఉన్నంతసేపూ డ్రెయిన్ ప్లగ్ తీసి ఉంచుతారు. దించే ముందు పెట్టాలి. ప్లగ్‌ని ఇగ్నిషన్ తాళంచెవికి కట్టేస్తే ఆ గొడవే ఉండదు.

కరెంటు_కామేశం
ఇప్పటిదాకా ఎవరూ కరెంటు జోలికి రాలేదు, అక్కడే ప్రాణం పోయేది. మెరీనా ఎలక్ట్రికల్ అంతా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ఆర్టికల్ 555 కిందికి వస్తుంది. గాలి లిఫ్ట్‌కి ఉండేది బ్లోయర్ మోటారు, మామూలుగా 120 వోల్టులది. చాలామంది 30 ఆంప్స్ షోర్ పవర్ సాకెట్‌కి అడాప్టర్ పెట్టి, ఇంట్లో వాడే ఎక్స్‌టెన్షన్ కార్డు డాక్ మీద పరిచేస్తారు. అప్లికేషన్ తిప్పి పంపడానికి మొదటి కారణం ఇదే, నేనయినా తిప్పే పంపుతాను.

చేయాల్సింది చెప్తాను. లిఫ్ట్‌కి ప్రత్యేకమైన సర్క్యూట్, మనుషుల్ని కాపాడే జి.ఎఫ్.సి.ఐ.తో (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్). అది 5 మిల్లీ ఆంప్స్ దగ్గర కొట్టేస్తుంది. పెడెస్టల్‌లో షోర్ పవర్‌కి ఉండే గ్రౌండ్ ఫాల్ట్ రక్షణ 30 మిల్లీ ఆంప్స్‌ది, అది వేరు. "పెడెస్టల్‌లో ఉంది కదా" అని రెండూ ఒకటి చేయొద్దు. 10 మిల్లీ ఆంప్స్ చుట్టుపక్కలకే కండరాలు పట్టేస్తాయి, ఈత వచ్చినవాడు కూడా చేయి కదపలేడు. మంచినీళ్లలో ఇంకా ప్రమాదం. ఉప్పునీటిలో కరెంటు మనిషి చుట్టూ పోతుంది, మంచినీటిలో నీళ్లకన్నా ఒంటికే ఎక్కువ వాహకత కాబట్టి మనిషిలోంచే పోతుంది. లేనియర్ మంచినీటి సరస్సు.

తేలే డాక్ మీద కనెక్షన్లు డెక్‌కి కనీసం 12 అంగుళాల పైన ఉండాలి. కంట్రోల్ బాక్స్ కూడా ఆ ఎత్తులోనే బిగించండి. డాక్‌కీ లిఫ్ట్‌కీ మధ్య కదిలేది గాలి హోసులు మాత్రమే, వైరు నీటివైపు వెళ్లకూడదు. గాలి లిఫ్ట్‌లో నాకు నచ్చేది ఇదే, మోటారు డాక్ మీదే ఉండిపోతుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత చేయించి, సర్టిఫికెట్ కాపీ మెరీనాకి ఇవ్వండి. కౌంటీ ఎలక్ట్రికల్ పర్మిట్ కావాలంటే ఆయనే తీస్తాడు. లేనియర్ ఐదు కౌంటీల్లో ఉంది, మీ మెరీనా ఫోర్సైత్‌లోదా హాల్‌లోదా అన్నదాన్ని బట్టి ఆఫీసు మారుతుంది.

నీలి_నావ
సోలార్‌తో, బ్యాటరీతో నడిచే లిఫ్టులు ఉన్నాయి కదా కామేశం గారూ, హైడ్రాలిక్ రకం. అవి పెడితే ఈ బాధ లేదు.

కరెంటు_కామేశం
బాధ తగ్గుతుంది, పోదు. 24 వోల్టుల డి.సి. అయితే షాక్ భయం దాదాపు లేనట్టే. కానీ కవర్డ్ స్లిప్‌లో సోలార్ ప్యానెల్‌కి ఎండ తగలదు. అప్పుడు ఛార్జర్ పెడతారు, ఛార్జర్‌కి మళ్లీ 120 వోల్టులే. హైడ్రాలిక్ అయితే నూనె కారితే నీళ్ల మీద జిడ్డు పొర. బయోడీగ్రేడబుల్ ఫ్లూయిడ్ వాడుతున్నారని స్పెక్ షీట్‌లో చూపించమంటారు.

రాత్రి_రాడార్
జి.ఎఫ్.సి.ఐ. టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. మెరీనా లోపల పిల్లల్ని నీళ్లలోకి దింపొద్దు, లిఫ్ట్ ఉన్నా లేకపోయినా.

నాక్స్‌విల్_నాయుడు
మా టెన్నెసీ వైపు వేరే లెక్క, ఇక్కడ టి.వి.ఏ. (టెన్నెసీ వ్యాలీ అథారిటీ, డ్యాములు చూసే ఫెడరల్ సంస్థ) సెక్షన్ 26ఏ. ఇంటి డాక్, బోట్‌హౌస్, లిఫ్ట్ అన్నీ కలిపి నీటి మీద 1,000 చదరపు అడుగులు దాటకూడదు. ఒడ్డునుంచి 150 అడుగులో, ఎదుటి ఒడ్డుకున్న దూరంలో మూడోవంతో, ఏది తక్కువైతే అంతవరకే. డాకే 960 కట్టేసి తర్వాత లిఫ్ట్ అడిగితే చోటు మిగలదు. ఇల్లు కొంటే 60 రోజుల్లో టి.వి.ఏ.కి తెలియజేయాలి.

తెడ్డు_తాత
నాయుడుగారూ, అది ఇళ్ల డాకులకి. మీ దగ్గరైనా మెరీనా అయితే మళ్లీ మెరీనా ఒప్పందమే కదా.

నాక్స్‌విల్_నాయుడు
అవును, నివాసాల లెక్కే చెప్పాను. రెండు రాష్ట్రాలవాళ్లూ చదువుతారని రాశాను.

బ్యూఫర్డ్_బుజ్జి
మెరీనా కాదు గానీ ఇదే దారంలో అడుగుతున్నా. లేనియర్ ఒడ్డున ఇల్లు చూస్తున్నాం. లిస్టింగ్‌లో "డాక్, లిఫ్ట్‌తో సహా" అని ఉంది. అంటే పర్మిట్ కూడా వచ్చేస్తుందా?

చట్టం_చక్రి
రాదండీ. షోర్‌లైన్ యూజ్ పర్మిట్ మనిషి పేరు మీద ఉంటుంది, బదిలీ కాదు. డాక్ అమ్మినా, ఇచ్చేసినా, పర్మిట్ ఉన్నాయనా ఆయన భార్యా ఇద్దరూ పోయినా ఆ పర్మిట్ చెల్లదు. మీరు మీ పేరు మీద కొత్తగా తీసుకోవాలి. దాని గడువు 5 ఏళ్లు.

ఇల్లు కొనేముందు మూడు సంగతులు బ్యూఫర్డ్‌లోని లేక్ ఆఫీసులో అడగండి. ఆ ఒడ్డు ఏ జోన్‌లో ఉంది? ప్రైవేట్ డాకులిచ్చేది లిమిటెడ్ డెవలప్‌మెంట్ ఏరియాలో మాత్రమే. ప్రొటెక్టెడ్, పబ్లిక్ రిక్రియేషన్, ప్రొహిబిటెడ్ జోన్లలో ఇవ్వరు. రెండోది, ఇప్పుడున్న పర్మిట్ కాగితం మీద లిఫ్ట్ ఉందా, డాక్ ఒక్కటే ఉందా? లిఫ్ట్ తర్వాత అడిగి చేర్పించకుండా పెట్టేసి ఉంటే ఆ బెడద మీ పేరు మీదికి వస్తుంది. మూడోది, పాత ఇన్‌స్పెక్షన్‌లో ఏమైనా లోపాలు రాశారా?

2004 ప్లాన్‌లో లేనియర్ మొత్తానికి ప్రైవేట్ డాకులు 10,615కి మించకూడదని కట్టేశారు. కాబట్టి ఉన్న పర్మిట్ చేజారితే కొత్తది సులువుగా రాదు. "మనమే కట్టుకుందాంలే" అనుకుని డాక్ లేని స్థలం డాక్ ధరకి కొనొద్దు. మన ఫోర్సైత్‌లో ఇళ్లు కొనేవాళ్లు స్కూలు చూసినంత శ్రద్ధగా ఈ కాగితం కూడా చూడాలి.

బ్యూఫర్డ్_బుజ్జి
చాలా థాంక్సండీ. ఆ ఒడ్డు దాకా మన స్థలమే అనుకున్నాం.

చట్టం_చక్రి
ఒడ్డు మీది కాదు. చెట్టు కొట్టాలన్నా, బాట వేయాలన్నా అదే ఆఫీసు.

మచిలీ_మరపడవ
డ్రమ్ములతో సొంతంగా లిఫ్ట్ చేసుకుంటే? యూట్యూబ్‌లో నీలం డ్రమ్ములు కట్టి బ్రహ్మాండంగా లేపేస్తున్నారు.

చట్టం_చక్రి
యూట్యూబ్‌లో లేస్తుంది, లేనియర్‌లో లేవదు. కోర్ షోర్‌లైన్ పర్మిట్ షరతుల్లోనే ఉంది, ఇదివరకు వేరే పనికి వాడిన ప్లాస్టిక్, ఇనుప డ్రమ్ములు తేలడానికి వాడకూడదు. తేల్చే సామగ్రి నీటి వాడకం కోసమే తయారైనదై ఉండాలి, చిల్లు పడినా నీళ్లు పీల్చి మునిగిపోకూడదు. మెరీనాలు కూడా ఇదే కొలబద్ద పెట్టుకుంటాయి.

నీలి_నావ
ఆగండాగండి. "చిల్లు పడినా మునగకూడదు" అంటే గాలి లిఫ్టులన్నీ తప్పే కదా? వాటి ట్యాంకులు అడుగున తెరిచే ఉంటాయి, గాలి వదిలితే మునుగుతాయి. మునగడమే వాటి పని.

చట్టం_చక్రి
మంచి ప్రశ్న. ఆ షరతు ఉన్నది డాకుని తేల్చే ఫ్లోట్లకి. లిఫ్ట్ ట్యాంకు బోటుని ఎత్తే పరికరం. ఆ రూలుని నేను అర్థం చేసుకున్నది అలా.

గాలిపెట్టె
నేను పూర్తిగా ఒప్పుకోను. పరికరమే కావచ్చు, కానీ గాలంతా పోయినప్పుడు ఆ లిఫ్ట్ బరువు ఎవరు మోస్తారు? డాకే. స్టీలు ఫ్రేమూ, బంకులూ (బోటు కూర్చునే దూలాలు), ట్యాంకులూ కలిపి డాక్ ఫ్రేమ్‌కి ఒక పక్కన వేలాడతాయి. డాక్ ఆ పక్కకి ఒరుగుతుంది, మూల బోల్టులు సాగుతాయి. అందుకే కొందరు తయారీదారులు ఫ్రేమ్‌లో కొంత మూసిన ఫోమ్ పెడతారు, గాలి లేకపోయినా లిఫ్ట్ దాని బరువు అదే మోసుకునేలా. మీ మోడల్‌లో అది ఉందా లేదా అని తయారీదారు దగ్గర లెటర్ తెచ్చి అప్లికేషన్‌కి పెట్టండి. రూల్ ఎటు చదివినా ఆ లెటర్ ఉంటే చర్చే రాదు.

చట్టం_చక్రి
లెటర్ సంగతిలో మీతోనే ఉన్నాను. రూలు చదవడంలో మాత్రం నా మాట నాదే.

ఓరుగల్లు_ఓడ
ఇద్దరి మాట మీద లెటర్ తెచ్చుడే ఖాయమైంది కిరణం అన్నా.

కమింగ్_కిరణం
తెప్పిస్తా. ఇవాళ స్లిప్‌కి వెళ్లి కొలతలు తీశాను. మా వంతు వెడల్పు 11 అడుగుల 4 అంగుళాలు. లిఫ్ట్ బయటి వెడల్పు 10 అడుగుల 2 అంగుళాలు. సరస్సు నీటిమట్టం సముద్రమట్టానికి 1,069 అడుగులు ఉంది, స్లిప్‌లో లోతు 9 అడుగులు. పక్క బోటుకీ మాకూ మధ్య ఫింగర్ (స్లిప్పుల మధ్య ఉండే సన్న నడవ) లేదు, డబుల్ స్లిప్. సరిపోతుందా?

గాలిపెట్టె
వెడల్పు సరిపోతుంది, రెండు పక్కలా 7 అంగుళాలు వస్తుంది. ఫింగర్ లేదంటే లిఫ్ట్‌ని మీ వైపు ఒక్క ఫింగర్‌కీ, ముందున్న వాక్‌వేకీ మాత్రమే బిగించాలి. ఇంకో పక్క పట్టు ఉండదు కనుక లెవలింగ్ ఆర్మ్‌ల (లిఫ్ట్‌ని సమంగా ఉంచే చేతుల) మీద మెలి ఎక్కువ పడుతుంది. వాటికి గట్టి ప్లేట్ ఫింగర్ లోపలివైపు కూడా వేయమని బొమ్మలోనే గీయండి, ఒక్క చెక్క పలకకి స్క్రూలు వేస్తే ఊడొస్తుంది. పక్క స్లిప్ ఆయన సంతకం కూడా తీసుకోండి, కొన్ని మెరీనాలు అడుగుతాయి. అడగకపోయినా రేపు ఆయన బోటు గీసుకుంటే ఆ కాగితం పనికొస్తుంది.

లోతు దగ్గర మాత్రం నాకు బెంగగా ఉంది. లిఫ్ట్ పూర్తిగా దిగినప్పుడు బంకు పైనుంచి ట్యాంకు అడుగు దాకా కొలవండి. 30 అంగుళాలు అనుకుందాం. డ్రైవ్ పైకెత్తినప్పుడు హల్ మునిగేది 20. బంకు తగలకుండా జారి రావడానికి 6. 56 అయింది. అడుగున బురద, మొద్దులు ఉంటాయి, దానికో 12. మొత్తం 68 అంగుళాలు. మీకున్నది 108. తేడా 40, అంటే 3 అడుగుల 4 అంగుళాలు. 1,069 లోంచి తీసేస్తే 1,065.7. మట్టం అంతకన్నా దిగితే లిఫ్ట్ కిందికి దిగదు, బోటు దాని మీదే ఇరుక్కుపోతుంది.

తెడ్డు_తాత
లేనియర్ వేసవి ఫుల్ పూల్ (నిండు మట్టం) 1,071, చలికాలం 1,070. కరువు వచ్చిన 2007 డిసెంబర్‌లో 1,050.79 దాకా పోయింది. అక్కడిదాకా పోనక్కర్లేదు, 5, 6 అడుగులు తగ్గడం మామూలే. మట్టం పడితే మెరీనా డాకుల్ని లోతు నీళ్లలోకి జరుపుతుంది. అప్పుడు లిఫ్ట్ విప్పి మళ్లీ బిగించే ఖర్చు ఎవరిదో అనుమతి కాగితంలో రాయించుకోండి. రాయకపోతే మీదే.

కమింగ్_కిరణం
ట్యాంకు అడుగు తగిలితే ఏమవుతుంది? దిగడం ఆగిపోతుంది, అంతేనా?

గాలిపెట్టె
అంతే అయితే పరవాలేదు. అడుగు ఎప్పుడూ చదునుగా ఉండదు. ఒక మూల తగిలి ఆగుతుంది, మిగతా మూడూ దిగుతూనే ఉంటాయి. ఫ్రేమ్ మెలితిరుగుతుంది, బోటు వెనక్కో పక్కకో జారుతుంది. దించేటప్పుడు నాలుగు మూలలూ చూస్తూ వాల్వ్ తెరవాలి. ఒక మూల ఆగిందంటే వెంటనే వాల్వ్ మూసి, బ్లోయర్ వేసి పైకి తెచ్చేయాలి.

లేపేటప్పుడు గుర్తు వేరే. ట్యాంకు అడుగు రంధ్రాల్లోంచి రెండు పక్కలా బుడగలు బుసబుసా వస్తే నిండినట్టే, బ్లోయర్ ఆపేయండి. అక్కడినుంచి నడిపితే మోటారు వేడెక్కడం తప్ప ఒరిగేదేమీ లేదు. ఒక పక్కే బుడగలొస్తే రెండో పక్క నిండలేదు, ఆ వాల్వ్ చూడండి.

రాత్రి_రాడార్
రాత్రికి రాత్రి ఒక మూల దిగిపోతోందంటే దేని లోపం?

గాలిపెట్టె
ముందు హోస్ క్లాంప్, తర్వాత చెక్ వాల్వ్ (గాలి వెనక్కి పోకుండా ఆపేది). సబ్బునీళ్లు రాసి చూడండి, బుడగ లేచిన చోటే లీకు. రెండూ బాగుంటే హోసుని వంచి చూడండి, ఎండకి పెళుసుబారి సన్న పగుళ్లు వచ్చుంటాయి. బ్లోయర్ గాలి తీసుకునే రంధ్రంలో కందిరీగలు మట్టిగూడు పెడతాయి, ఆ మట్టి చెక్ వాల్వ్ సీటులో ఇరుక్కుంటే అది మూసుకోదు. సెకండ్ హ్యాండ్ లిఫ్ట్ చూడడానికి వెళ్లినప్పుడు బోటు ఎక్కించి ఉన్న లిఫ్ట్‌నే చూడండి. ఒడ్డున పెట్టిన లిఫ్ట్‌లో లీకు కనపడదు.

కరెంటు_కామేశం
కవర్డ్ స్లిప్ అన్నారు కదా కిరణం, పైకప్పు సంగతి చూశారా? నీళ్లలో 20 అంగుళాలు మునిగిన బోటు, లిఫ్ట్ ఎక్కితే నీటికి 6 అంగుళాల పైకి వస్తుంది. అంటే ఇప్పుడున్న చోటునుంచి 26 అంగుళాలు లేస్తుంది. టవర్ మడిచి, పైన దూలానికి, లైటుకి, స్ప్రింక్లర్ పైపు ఉంటే దానికి ఎంత మిగులుతుందో కొలవండి.

కమింగ్_కిరణం
టవర్ మడిస్తే, బోటు పైకి లేచాక కూడా దూలానికి 15 అంగుళాలు మిగులుతుంది, అది బాగానే ఉంది. లోతు గురించి ఆఫీసులో మాట్లాడాను. ఇదే డాక్ చివర వరసలో ఒక స్లిప్ వచ్చే నెల ఖాళీ అవుతోందట, అక్కడ 20 అడుగుల పైనే ఉంటుందట. అద్దె కొంచెం ఎక్కువ. అప్లికేషన్ ఇప్పుడు పాత స్లిప్ మీద పెట్టి తర్వాత మార్చుకోవచ్చా?

తెడ్డు_తాత
వద్దు. అనుమతి స్లిప్‌కి ఇస్తారు, మీకు కాదు. స్లిప్ మారితే మళ్లీ మొదటికి వస్తుంది. ముందు కొత్త స్లిప్ ఒప్పందం మీద సంతకం, తర్వాత ఆ నంబరుతో లిఫ్ట్ అప్లికేషన్, అది చేతికొచ్చాక అడ్వాన్స్. అమ్మే ఆయన తొందరపెడితే "మెరీనా ఒప్పుకోకపోతే డబ్బు వాపస్" అని బిల్ ఆఫ్ సేల్‌లో రాయమనండి. ఇంకోటి, ఆ లిఫ్ట్ ఇప్పుడు ఏ మెరీనాలో ఉందో అక్కడ ఆయనకి స్లిప్ బాకీ లేదని ఆఫీసు నుంచి ఒక ముక్క రాయించుకోండి. బాకీ ఉంటే లిఫ్ట్‌ని గేటు దాటనివ్వరు.

గాలిపెట్టె
చివరి వరస అంటే అల ఎక్కువ, బయట పోయే బోట్ల వేక్ నేరుగా తగులుతుంది. ఆర్మ్‌ల పిన్నులకి గ్రీజు, బోల్టులకి లాక్ నట్లు, నెలకోసారి బిగింపు చూడాలి. బొమ్మ కొత్తగా గీయండి, పెడెస్టల్ అక్కడ ఎటువైపు ఉందో చూసి కంట్రోల్ బాక్స్ అటే పెట్టండి. లిఫ్ట్‌తో వచ్చే హోసు అంత దూరం అందకపోతే అతుకులు వేయొద్దు, ఒకే ముక్క కొత్తది కొనండి.

కమింగ్_కిరణం
పెడెస్టల్ ఎడమ పక్క ఉంది, ఇప్పుడే ఫొటో చూశాను. హోసు శనివారం కొలిచి రాస్తాను.